సీసాలో ఏలికపాము

నా చిన్నప్పుడు, తెలంగాణ ఉద్యమంతో బడులు నెలల తరబడి మూతపడిన ఏడాది, మందమర్రిలోని మా క్వార్టర్‌కు సైన్సు చెప్పడానికి ఒక సారు వచ్చేవాడు. అన్న తొమ్మిదో తరగతి, నేను ఆరు, తమ్ముడు రెండు. గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా బాపు మూడు తరగతుల పుస్తకాలూ ఎక్కడెక్కడో అడిగి తెచ్చాడు. ఉన్నది రోజుకు ఒక్క గంట. ముగ్గురికీ కలిపి ఏ పుస్తకం చెప్పాలన్నదే చిక్కు. సారు మూడూ తిరగేసి, చిన్నవి రెండూ పక్కకు నెట్టాడు.

"పెద్దోని పుస్తకమే ముగ్గురికి చెప్త. బట్టీ కొడితే అర్థం అదే వస్తది" అన్నాడు. బాపు కాదనలేకపోయాడు.

అలా రెండో తరగతి పిల్లవాడు కప్ప జీర్ణమండలం వల్లించసాగాడు. సారు నశ్యం పీల్చి అవే వేళ్లతో పేజీలు తిప్పేవాడు. ఆ పేజీలు ముట్టుకోవాలంటే నాకు ఒళ్లు జలదరించేది. తమ్ముడు వారం నుంచి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, అదంతా వేషమని సారు తొడపాశం పెట్టేవాడు.

ఒక ఉదయం తమ్ముడు వల్లిస్తూ వల్లిస్తూ చాప మీదే వాంతి చేసుకున్నాడు. అందులో జానెడు పొడవున్న తెల్లటి పురుగు కదులుతోంది.

"ఛీ, గలీజు. ముందుగాల దాన్ని ఎత్తి పారేయుండ్రి" అంటూ సారు పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం దాటాడు. కప్ప పేగుల గురించి పది రోజులు చెప్పిన మనిషి, ఎదురుగా ఏడుస్తున్న పిల్లవాడి కడుపు గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ తక్కువ తినలేదు. ముక్కు మూసుకుని, "నువ్వు నా పక్కకు కూసోకు" అన్నాను. వాడు మూలకు పోయి మొహం గోడకు తిప్పుకున్నాడు.

మేము అవ్వ అని పిలిచే మా అమ్మ కేకేస్తే పక్కింటి అక్క వచ్చింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. తమ్ముడి మూతి తుడిచి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తర్వాత రెండు చీపురుపుల్లలతో ఆ పురుగును ఎత్తి, ఉప్పునీళ్లు పోసిన సీసాలో వేసి మా ముందు పెట్టింది.

"ఇది ఏలికపాము. నీ తప్పేం లేదు బిడ్డా" అని తమ్ముడితో అని, మా వైపు తిరిగింది. "ముగ్గురికి గిదొక్కటే పాఠం. ఎవలకు చాతనైనంత వాళ్లు చేయుండ్రి."

తమ్ముడు దాని పొడవు కొలవాలి. నేను బొమ్మ గీయాలి. అన్న తన పుస్తకం చదివి, అది కడుపులోకి ఎట్లా చేరిందో ఇంటి చుట్టూ వెతికి చెప్పాలి.

గీస్తున్నంతసేపూ నాకు డోకు వస్తూనే ఉంది. సాయంత్రానికి అన్న కనిపెట్టాడు. వాడలోని చిన్నపిల్లలు దొడ్డికి కూర్చునే మోరీ కాలువ మురికినీళ్లు మా పెరట్లో ముల్లంగి మడిలోకి పారుతున్నాయి. ఆ ముల్లంగి పీకి, లంగాకు తుడిచి, పచ్చిగా నమిలేది నేను. తమ్ముడికి పెట్టిందీ నేనే.

అక్క ముగ్గురికీ మందు పోసింది. నా కడుపులో పురుగులేం లేవని మొరాయించాను.

"తాగు, రేపు చూద్దాం" అంది.

మర్నాడు నాకు మూడు పడ్డాయి. నా ఒంటిమీద నాకే రోత పుట్టి ఏడ్చాను. ఎవరికీ తెలియకుండా మట్టి కప్పుదామనుకున్నాను. కానీ గోడకు తిరిగిన ఆ చిన్న వీపు కళ్లలో మెదిలి, నేరుగా తమ్ముడి దగ్గరికే పోయాను.

"నాకు మూడు పడ్డయ్ రా."

వాడు వారం రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "కొలిచినవా?" అని అడిగాడు.

సారును బాపు మళ్లీ రానివ్వలేదు. బడులు తెరిచేదాకా డ్యూటీ లేని పూటల్లో అక్కే వచ్చి, ఆకో, ఎముకో, బొగ్గుపెళ్లో ఒక్కటి మా ముగ్గురి మధ్య పెట్టేది.

పురుగుల మీద రోత కొన్నాళ్లకు పోయింది. గుమ్మం దాటిన ఆ మనిషి మీద, ముక్కు మూసుకున్న నా మీద కలిగిన రోత మాత్రం ఈ వయసులోనూ పోలేదు. పిల్లలు ఎంత గలీజుగా నా దగ్గరికి వచ్చినా మొహం తిప్పుకోను. తిప్పుకోవాలని అనిపిస్తుంది, అబద్ధమెందుకు. అనిపించినప్పుడే ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంటాను.