పాత బండి టాప్ కారడం గురించి

ఈ సంగతి ఎవరో ఒకరు రాసి పెట్టాలి. పాత బండ్ల మీద ఇక్కడ కెనడాలో, ఎడ్మంటన్ లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. బండి మీద విడిగా పెట్టే గట్టి టాప్‌ను ఎలా బిగించాలో వాటిలో ఉంది. బిగించాక కూడా నీళ్ళు కారితే ఏం చెయ్యాలో మాత్రం ఒక్కో పుస్తకం ఒక్కోలా చెప్పింది. తెలుగులో అసలేమీ దొరకలేదు. అందుకని నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. అర్థం కానిదే ఎక్కువ.

నేను ఇంటర్ దాకానే చదివాను. ఇక్కడ ఆస్పత్రి లాండ్రీలో పని. షిఫ్టు అయ్యాక లైబ్రరీలో కూర్చుంటాను. నాకు వచ్చిన ఇంగ్లీషు, ప్లంబింగు, కాస్త చరిత్ర అన్నీ అక్కడ నేర్చుకున్నవే. ఆ ధైర్యంతోనే ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాను. ఎండాకాలం టాప్ తీసేసి తిరగొచ్చు, చలికి మళ్ళీ పెట్టుకోవచ్చు. టాప్‌కీ బండి అంచుకీ మధ్య రబ్బరు పట్టీ ఉంటుంది. బోల్టులు బిగిస్తే అది నలిగి నీళ్ళను ఆపాలి.

ఆపలేదు. మే నెలలో చర్చికి వెళ్తుంటే వాన పడి, మా ఆవిడ పట్టుచీర ఒళ్ళో తడిసింది. ఇంటికొచ్చాక ఒకటే మాట అంది.

“వచ్చే ఆదివారం మళ్ళీ ఇదే బండిలో వస్తా. ఒక్క చుక్క పడిందా, బండి అమ్మేస్తున్నాం.”

ఆవిడ అన్నదంటే చేసి తీరుతుంది.

నీళ్ళు కారే చోటు వేరు, దూరే చోటు వేరు అని చదివి ఉన్నాను. ఆవిడను ఫోన్ టార్చితో లోపల కూర్చోబెట్టి, నేను బయట నుంచి పైపుతో నీళ్ళు కొట్టాను.

“ఎక్కడ కారుతోంది?”

“ఇక్కడే.”

“ఇక్కడంటే?”

“నా నెత్తి మీద!”

వెనక కొడితే ముందు కారింది. ముందు కొడితే ఎక్కడా కారలేదు. పైపు కట్టేశాక మళ్ళీ మొదలైంది. ఏ పుస్తకంలోనూ ఇలా లేదు.

ఒక వైపు గ్లూ ఉన్న కొత్త పట్టీ తెచ్చాను. పొద్దున చలికి అది కర్రలా బిగుసుకుపోయి మూల తిరగలేదు. ఇంట్లో కుక్కర్ గ్యాస్కెట్ బిరుసెక్కితే కాస్త నూనె రాస్తాం, చక్కగా కూర్చుంటుంది. ఇదీ గ్యాస్కెట్టే కదా అని, సీసాలో గడ్డకట్టిన కొబ్బరి నూనె వేలితో తీసి పట్టీకి పట్టించాను. బాగా వంగింది. కానీ బోల్టులు బిగించేసరికి మూలల్లో జారి బయటికి వేలాడింది.

ఆవిడ చూసి, “తలకి రాసినట్టు రాశారుగా. జడేసి పూలు కూడా పెట్టండి,” అంది.

మా చర్చికే వచ్చే రిటైర్డ్ ఇంజనీరు గారు పక్క వీధిలో ఉంటారు. శనివారం ఆయన్ను పిలిచాను.

“ఏమయ్యా, గ్లూకి నూనె రాస్తే ఏ దేశంలో అంటుకుంటుంది?”

“గ్లూకి కాదు అంకుల్, నేను పైవైపే రాశా.”

“నూనెకి పైవైపూ కిందవైపూ తెలుస్తుందా?”

ఇద్దరం టాప్ ఎత్తి పక్కన పెట్టాం. జిడ్డంతా కడిగి, స్పిరిట్‌తో తుడిచి, గరాజ్‌లో వెచ్చబెట్టిన ఇంకో పట్టీ అంటించాం. ముందు అద్దం పక్క మూలలో ఆయన చిన్న స్పాంజి ముక్క కూరారు. నేను ముందువైపు బోల్టులు పూర్తిగా బిగించి తర్వాత వెనకవైపువి బిగించేవాణ్ణి. ఆయన అన్నిటినీ సగం సగం తిప్పించి, అప్పుడు చుట్టూ వరసగా బిగించమన్నారు. నీళ్ళు కొడితే మొదట కారింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే కాసేపటికి ఆగిపోయింది.

“ఎందుకు ఆగింది అంకుల్?”

“ఆగిందిగా, సంతోషించు.”

నాకు సంతోషం కలగలేదు. కారణం తెలియకుండా ఆగినది ఎప్పుడైనా మళ్ళీ మొదలవ్వచ్చు.

ఆదివారం మబ్బు పట్టింది. ఆవిడ కావాలనే ఇంకో పట్టుచీర కట్టుకుంది. సగం దారిలో వాన దంచింది. నా కళ్ళు మాటిమాటికీ టాప్ మూలకే పోతున్నాయి.

“మీరు రోడ్డు చూడండి. పైన నేను చూస్తా,” అంది.

చర్చి పార్కింగ్‌లో బండి ఆపాను. ఆవిడ మూల పొడుగునా చెయ్యి పెట్టి తడిమింది. తర్వాత ఒళ్ళో చీర తడిమింది. రెండూ పొడిగా ఉన్నాయి.

“సరే, ఉంచుకోండి. కానీ ఆ టాప్ మళ్ళీ ముట్టుకోకండి. ఎందుకు ఆగిందో మీకే తెలీదు.”

నిజమే. జిడ్డు పోవడం వల్లో, పట్టీ వల్లో, స్పాంజి వల్లో, బోల్టుల వరస వల్లో, ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. జులైలో అందరూ టాపులు తీసేసి గాలికి తిరుగుతుంటే, మేం మాత్రం అద్దాలు దించుకుని టాప్ కిందే తిరిగాం.

సాయం చేసినవాళ్ళు పేర్లు రాయొద్దన్నారు. నడుం నొప్పితో కూడా టాప్ ఎత్తిన అంకుల్‌కీ, మా ఇద్దరికీ చలిలో టీ తెచ్చిన వాళ్ళావిడ ఆంటీకీ, గడువు దాటినా పుస్తకాలు మళ్ళీ ఇచ్చిన లైబ్రరీ అమ్మాయికీ, తడుస్తూ టార్చి పట్టుకున్న మా ఆవిడకీ కృతజ్ఞతలు.