మిట్టమధ్యాహ్నం ఆగిపోయే ఫ్యాను

కొవ్వూరు రేవులో పడవెక్కితే పావుగంటలో వచ్చే లంకలో మాకు కొబ్బరితోట ఉంది. తోట మధ్యలో మకాం. మకాం అంటే పెద్ద ఇల్లేమీ కాదు, ఒక గది, ఒక పంచ, పక్కన గేదెల పాక. ఆ లంకకి కరెంటు స్తంభాలు లేవు. ప్రతి ఎన్నికలకీ ఒక పెద్దమనిషి పడవ దిగి, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వచ్చి, స్తంభాలు వచ్చేస్తున్నాయని చెప్పి, కొబ్బరి బొండం తాగి వెళ్తుంటాడు. బొండాలు అయిపోతున్నాయి గానీ స్తంభాలు రాలేదు. అందుకని పదేళ్ల కిందటే మకాం కప్పు మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాం. గదిలో ఒక ఇన్వర్టరు, పలకల నుంచి వచ్చే కరెంటుని బ్యాటరీలకి పంపించే కంట్రోలరు, నాలుగు పెద్ద సీసం బ్యాటరీలు. వాటి మీద రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ.

వీటన్నిటికీ అధికారి మా పెదనాన్న. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. పొద్దున్నే పడవలో వెళ్లి, తోట పని చూసుకుని, సాయంత్రం పడవకి తిరిగొస్తారు. నెలకోసారి బ్యాటరీలకి నీళ్లు పోసే రోజు మాత్రం తోట పని బంద్. కళ్లజోడు సర్దుకుని, మూతలు ఒక్కొక్కటే తిప్పి, టార్చి వేసి లోపలికి చూసి, డిస్టిల్డ్ వాటర్ సీసా చాలా నెమ్మదిగా వంచేవారు. ఆ గంటసేపు గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

"మూడోదానికి దాహం ఎక్కువరా," అనేవారు నాతో, పాడి గేదె గురించి చెప్పినట్టు.

నేను ఫిజిక్సు లెక్చరర్ని. ముప్పై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి విద్యుత్తు పాఠం చెబుతున్నాను. పెదనాన్న చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కాబట్టి ఈ విషయంలో ఎవరి మాట ఎవరు వినాలన్న దాని మీద నాకు ఎప్పుడూ సందేహం కలగలేదు.

మొన్న వేసవికి ఆ బ్యాటరీల పని అయిపోయింది. ఎంత నీళ్లు పోసినా ఫ్యాను అరగంట తిరిగి నీరసపడేది. నేను రంగంలోకి దిగాను. "పెదనాన్నా, ఇప్పుడంతా లిథియం. సీసం బ్యాటరీల కాలం వెళ్లిపోయింది. నాలుగింటి స్థానంలో ఒక్క పెట్టె చాలు. నీళ్లు పొయ్యక్కర్లేదు," అన్నాను.

ఆయన అదోలా చూశారు. "నీళ్లు పొయ్యకపోతే మరి ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఏమీ చెయ్యక్కర్లేని దాన్ని బాగా ఉందో లేదో ఎలా తెలుసుకుంటాం రా?"

"ఫోన్లో చూపిస్తుంది," అన్నాను గొప్పగా. ఆయన వెళ్లి మూడో బ్యాటరీ మూత బిగించారు.

రాజమండ్రిలో ఒక కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నేను గుమ్మంలో ఉండగానే నా అవసరం కనిపెట్టేశాడు. "లిథియమేనాండి? మంచి ఆలోచన చేశారండి. పాతవి విప్పండి, ఇది తగిలించండి, అంతే."

"ఇన్వర్టరు, కంట్రోలరు పాతవే. వాటితో ఏమన్నా ఇబ్బంది ఉంటుందాండి?"

"ఇబ్బందేంటండి? బ్యాటరీ బ్యాటరీయే కదండి! మీరేం చేస్తుంటారు?"

"ఫిజిక్సు లెక్చరర్ని."

"ఇంకేమండి, మీకు నేను చెప్పేదేముంది!"

ఆ ఒక్క మాటతో నా ప్రశ్నలన్నీ అయిపోయాయి. అడగాల్సిన ఇంకో రెండు ప్రశ్నలు గొంతులోనే ఉన్నాయి, కానీ అవి అడిగితే లెక్చరర్ని కాకుండా పోతానని భయం వేసింది. పెట్టె తీసుకుని వచ్చేశాను.

బిగించే పని కూడా నేనే చేశాను. రెండు వీడియోలు చూశాను, అందులో ఒకటి హిందీలో ఉంది. పక్క అరటితోట ఆయన, పాలు తీసుకెళ్లేవాళ్లు పంచలో నిలబడి చూస్తుంటే, ఎర్ర తీగ ఏంటో నల్ల తీగ ఏంటో వాళ్లకి వివరిస్తూ బిగించాను. నిజం చెప్పొద్దూ, తరగతి గదిలో పిల్లలు నన్నెప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. పెదనాన్న పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు పెట్టె మీద పడతాయని నేను అరిచాను. "నీళ్లంటే పడని దాన్ని తెచ్చావు," అని గొణుక్కుంటూ చిప్పలు పక్కన పెట్టారు.

స్విచ్చి వేశాం. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. అందరూ బాగుందన్నారు. ఆ వారం మబ్బు పట్టి ఉంది. మబ్బులో కూడా ఎంత బాగా పనిచేస్తోందో అని కాలేజీ స్టాఫ్ రూములో రెండుసార్లు చెప్పాను. మా వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాను. పధ్నాలుగు మంది బొటనవేళ్లు పెట్టారు.

ఐదో రోజు మబ్బులు విడిపోయాయి. ఎండ నిప్పులు చెరిగింది. సరిగ్గా పన్నెండు దాటాక ఫ్యాన్లు ఆగిపోయాయి.

పెదనాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, కరెంటు పోయింది."

"ఎండ లేదా?"

"ఎండ మండిపోతోంది. అందుకే పోయింది."

అలా ఉండదని పాఠం మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఫోన్ పెట్టేశారు. నాలుగు గంటలకి మళ్లీ చేశారు. "వచ్చింది. ఎండ తగ్గింది కదా."

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకి కరెంటు పోవడం, సూర్యుడు కొవ్వూరు వైపు వాలగానే రావడం. సోలార్ అన్నది ఎండతో నడుస్తుందని లోకంలో అందరికీ తెలుసు. మా మకాంలో మాత్రం అది ఎండకి భయపడి దాక్కుంటోంది.

లంకంతా తలో మాటా చెప్పింది. పక్క అరటితోట ఆయన, పెట్టె ఆగ్నేయంలో లేకపోవడం వల్లే అన్నాడు. జరిపాం. ఆగ్నేయంలో కూడా పన్నెండింటికే పోయింది. పాలాయన, కొత్త బ్యాటరీకి ఎండ పడటం లేదు, తడిగుడ్డ కప్పండని తనే కప్పేశాడు. ఆ తడిగుడ్డ నా చేత్తో నేనే తీసేశాను, అదొక్కటే ఆ వారంలో నేను చేసిన తెలివైన పని. కొట్టాయనకి ఫోన్ చేస్తే, "ఫోన్లో ఎంత చూపిస్తోందండి?" అన్నాడు.

"నూటికి నూరు."

"ఇంకేమండి, మరి ఫుల్లుగానే ఉంది కదండి!" అని పెట్టేశాడు.

ఫుల్లుగా ఉన్న బ్యాటరీ పక్కన, ఆగిపోయిన ఫ్యాను కింద, భుజం మీది తువ్వాలుతో విసురుకుంటూ పెదనాన్న కూర్చుని ఉండేవారు. ఆయన ఒకసారి ఏదో చెప్పబోయారు. "అది కాదురా, ఆ కంట్రోలర్ మీద చిన్న దీపం ఉంది చూడు, అది..."

"పెదనాన్నా, ఒక్క నిమిషం," అన్నాను. నేను పేపరు మీద ఓమ్స్ లా ప్రకారం లెక్క వేసుకుంటున్నాను. ఆ నిమిషం వారం రోజులు పట్టింది.

చివరికి మా కాలేజీ ల్యాబు అటెండరు ఒక నంబరు ఇచ్చాడు. పాలకొల్లు వైపు రొయ్యల చెరువుల మీద సోలార్లు, మోటారు బోర్డులు బాగుచేసే టెక్నీషియన్ అట. ఆదివారం వస్తానని మెసేజ్ వచ్చింది. రేవులో ఎదురుచూశాను. స్కూటీ మీద ఒక ముప్పై ఏళ్ల అమ్మాయి, వెనకే బైకు మీద నల్లటి సంచితో ఒకాయన వచ్చారు. నేను ఆ అమ్మాయిని దాటుకుని వెళ్లి, ఆయనకి నమస్కారం పెట్టి, "దారిలో ఇబ్బంది పడలేదు కదండి?" అన్నాను. ఆయన బీమా ఏజెంటు. వెంటనే కాగితాలు తీశాడు. వెనక నుంచి ఆ అమ్మాయి, "మాస్టారూ, సోలార్ పనికి వచ్చింది నేనండి," అంది. పడవలో అవతలి ఒడ్డుదాకా నేను గోదావరినే చూస్తూ కూర్చున్నాను.

మకాంకి వెళ్లాక ఆ అమ్మాయి పెట్టె వైపు చూడనే లేదు. పెదనాన్న పక్కన పంచలో కూర్చుంది. "ఇక్కడ పగలంతా ఉండేది మీరేనాండి తాతగారూ?"

"నేనేనమ్మా."

"కరెంటు పోయే ముందు ఏమన్నా గమనించారా అండి?"

పెదనాన్న నా వైపు ఒకసారి చూశారు. నేను పేపర్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ కంట్రోలర్ మీద పచ్చదీపం ఉందమ్మా. మామూలుగా నిదానంగా కొట్టుకుంటుంది. పాత బ్యాటరీలప్పుడు, నెలకోసారి అది గబగబా కొట్టుకునేది. అప్పుడు లోపల నీళ్లు బుడబుడమని ఉడికేవి. అది అయ్యాకే నేను మూతలు తీసి నీళ్లు పోసేవాణ్ణి. ఇప్పుడు కొత్తది పెట్టాక మంచి ఎండ వస్తే చాలు, రోజూ గబగబా కొట్టుకుంటోంది. అది మొదలైన కాసేపటికి ఫ్యాను పోతోంది."

ఆ అమ్మాయి నవ్వింది. "తాతగారూ, మీరు నన్ను పిలవాల్సిన పనే లేదండి. జబ్బు మీరే చెప్పేశారు."

తర్వాత నాకు వివరించింది. చాలా మర్యాదగా, నేను మా పిల్లలకి చెప్పినదాని కంటే తేలిగ్గా చెప్పింది. పాత కంట్రోలర్‌కి సీసం బ్యాటరీలే తెలుసు. అవి నిండాక కూడా ఇంకొంచెం గట్టిగా తోసి ఉడికించడం వాటికి మంచిది. లిథియం అలా కాదు. నిండగానే లోపల తలుపు వేసేసుకుంటుంది. బయట కంట్రోలరు ఇంకా తోస్తూనే ఉంటుంది, ఉడకడం పూర్తి కాలేదనుకుని మర్నాడు మళ్లీ మొదలుపెడుతుంది. ఆ తోపుడంతా ఇన్వర్టర్ మీద పడి, అది బెదిరిపోయి ఆగిపోతుంది. మబ్బు రోజుల్లో బ్యాటరీ నిండలేదు కాబట్టి గొడవ లేదు.

"దీంట్లో మార్చడానికి వీల్లేదండి మాస్టారూ, లిథియం సెట్టింగు లేని పాత మోడలు. బ్యాటరీ కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదాండి?"

"నేనే గట్టిగా అడగలేదమ్మా," అన్నాను.

"ఇలాంటివి చెరువుల మీద వారానికి రెండు చూస్తానండి. ఎక్కువగా చదువుకున్నవాళ్ల దగ్గరే," అంది. ఎవర్నీ ఉద్దేశించి అన్నట్టు లేదు. ఎందుకైనా మంచిదని వెంట తెచ్చిన కొత్త కంట్రోలరు తన సంచిలోంచి తీసి బిగించింది. ఆ అరగంటా టార్చి పట్టుకున్నది పెదనాన్న. నాకు స్క్రూలు పట్టుకునే పని ఇచ్చారు. ఒకటి కింద పడేశాను కూడా.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి లంకకి వెళ్లాను. పన్నెండయింది. పన్నెండున్నరయింది. ఎండకి కొబ్బరాకులు కూడా కదలడం లేదు. లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. పెదనాన్న నా మొహం చూసి, "అన్నం తిను, అది ఆగదులే," అన్నారు.

భోజనం దగ్గర అడిగాను. "దీపం సంగతి నాకు గట్టిగా చెప్పొచ్చు కదా పెదనాన్నా?"

"చెప్పాను కదరా. నువ్వు లెక్క చేసుకుంటున్నావు. చదువుకుంటున్నవాణ్ణి కదపకూడదని మా నాన్న చిన్నప్పుడే చెప్పాడు," అని మజ్జిగ పోసుకున్నారు. వెటకారమో, నిజంగానే అన్నారో ఆయన మొహం చూస్తే తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

పాత బ్యాటరీలు నాలుగూ పడవెక్కి వెళ్లిపోయాయి. మరుసటి నెల, మామూలుగా నీళ్లు పోసే రోజున ఆయన గదిలోకీ పంచలోకీ ఊరికే తిరుగుతుంటే చూడలేకపోయాను. వాటికి నీళ్లు పొయ్యక్కర్లేకుండా చేసి ఆయనకేదో మేలు చేశాననుకున్నాను గానీ, ఆయన ఇష్టంగా చేసుకునే ఒక పని లాక్కున్నానని అప్పుడు తట్టింది. చెప్పడానికి సిగ్గేసి, నా పాత ఫోన్ ఇచ్చి, అందులో బ్యాటరీ యాప్ ఎలా చూడాలో నేర్పించాను. ఆయన రెండు రోజులు చూసి, "ఎప్పుడూ ఒకే అంకె. మాట్లాడని మనిషితో కూర్చున్నట్టుంది," అని ఫోన్ నాకే ఇచ్చేశారు.

మొన్న ఆదివారం వెళ్లేసరికి ఆయన నిచ్చెన మొదట్లో నిలబడి, పైన పలకలు తుడుస్తున్న కూలీ మనిషికి సలహాలిస్తున్నారు. కొంగలు రెట్టలు వేసిన చోట కరెంటు తగ్గుతుందని ఆ పాలకొల్లు అమ్మాయి ఫోన్లో చెప్పిందట. ఇద్దరూ వారానికోసారి మాట్లాడుకుంటున్నారని నాకు అప్పుడే తెలిసింది. నేను, రెట్టల వల్ల ఎంత శాతం తగ్గుతుందో లెక్క వేయొచ్చు పెదనాన్నా, అన్నాను.

"లెక్క తర్వాత వేద్దువు గాని," అన్నారు, "ముందు ఆ బకెట్టు అందుకో."