వేలిముద్ర పడని వేసవి

మొన్న రేషను షాపులో నా వేలు మిషను మీద పడలేదు. డీలరు మా ఊరివాడే, వరసకి అల్లుడవుతాడు. "ఆ వేలు కాదత్తా, ఇంకోటి పెట్టు. అదీ కాదు, ఇంకోటి" అంటూ పది వేళ్ళూ పెట్టించి, ఆఖరికి "చేతివి అయిపోయాయి, ఇక చెప్పులిప్పు, కాలివేళ్ళు చూద్దాం" అన్నాడు. వెనక నుంచున్న ఆడవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. మా నరసాపురం వైపు లేసు అల్లే ఏ ఇంట్లోనైనా ఇదే గొడవ. ఎడమ చూపుడువేలి మీద దారం పాకి పాకి చర్మం గాజులా నున్నబడిపోతుంది. కుడిచేతి వేళ్ళ సంగతి సూది చూసుకుంటుంది. నేను మూడో తరగతిలో పలక వదిలేసి సూది పట్టినదాన్ని, అందుకని నా తలలో అక్షరాలూ తక్కువే, నా వేళ్ళకి గీతలూ తక్కువే. బియ్యం సంచి చంకనెట్టుకుని ఇంటికొస్తూ ఉంటే జెద్దా గుర్తొచ్చింది. అక్కడ ఇదే వేలు పడనప్పుడు నాకు నవ్వు రాలేదు.

మా ఆయన పోయాక, ఉన్న ఒక్క కూతురూ నర్సింగు చదువుతానంటే, నేను సౌదీ వెళ్ళాను. అభాలో మంచానపడ్డ ఒక పెద్దావిడని చూసుకునే పని. కొండల మీద చల్లటి ఊరు, ఆవిడా మంచిదే. రెండేళ్ళకి ఆవిడ కన్నుమూసింది. ఆవిడ కొడుకు, అంటే నన్ను రప్పించుకున్న కఫీలు, "ఇక్కడ నీకిక పని లేదు, ఎక్కడైనా చేసుకో" అని వదిలేశాడు. అప్పుడు జెద్దా నుంచి మా వదిన కబురు పెట్టింది. వదినంటే మా ఆయన అక్కగారు, అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. ఏడుగురు తెలుగు నర్సులున్న ఫ్లాట్‌లో నన్ను వంటకి కుదిర్చింది. కాగితాల్లో మాత్రం నేను అభాలోనే ఉన్నట్టు.

మా వదిన పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఉద్యోగం ఏమిటని అడిగితే నర్సునని చెప్పేది గానీ, మనసులో తను మిషనరీ. వెనకటికి కరువు రోజుల్లో ఎవరో దొరసాని ఓడెక్కి వచ్చి మా తాతమ్మల చేతికి సూదీ దారం ఇచ్చిందని మా చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మన చేతికి పనివ్వడానికి ఒకావిడ సముద్రం దాటింది కదే, మనలో ఒక్కరన్నా దాటొద్దా?" అనేది వదిన. అందుకే బయల్దేరే రోజున సంఘపెద్దలు ఆవిడ తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, పెట్టె నిండా దారపు ఉండలు సర్ది పంపారు. ఆవిడ బోధలు చేసే మనిషి కాదు, అది బోధలు చేసే దేశమూ కాదు. దిగులుగా ఉన్న ఆడమనిషి చేతిలో ఒక అందమైన పని పెడితే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడు, అదీ ఆవిడ నమ్మకం. ఇందులో ఒకటే చిక్కు. మా వదినకి లేసు రాదు. గాయానికి మచ్చ తెలియకుండా కుట్టు వేసే చెయ్యి, దారం పట్టేసరికి మొద్దుబారిపోయేది. ఆవిడ అల్లిన పువ్వు ఎండకి వంకర తిరిగిన అప్పడంలా లేచి నుంచునేది. అభా నుంచి నన్ను పిలిపించింది వంట కోసం కాదని నాకు రెండో వారంలోనే అర్థమైంది.

అంతలో నితాఖత్ అని సర్కారువారి కొత్త రూలు వచ్చింది. ఎవరి పేరున వచ్చావో వాళ్ళ దగ్గరే పనిచెయ్యి, లేదా కాగితాలు మార్చుకో, లేదా ఎగ్జిట్ తీసుకుని వెళ్ళిపో. గడువులోగా అయితే ఏమీ అనరు, గడువు దాటితే పట్టుకుంటారు. ఊరంతా అదే మాట. ఇళ్ళలో పనులు వదిలి బయటికొచ్చిన ఆడవాళ్ళు, ఎగ్జిట్ కోసం ఒక పాత మేడలో ఎదురుచూస్తూ ఉండేవాళ్ళు. రాయచోటి వాళ్ళు, శ్రీలంక వాళ్ళు, బంగ్లా వాళ్ళు. చెయ్యడానికి పని లేదు, చూడ్డానికి గోడలు తప్ప ఏమీ లేదు. మా వదినకి కళ్ళు మెరిశాయి. "ఇన్నేళ్ళకి నా పని దొరికిందే మరదలా" అంది. సెలవు రోజున ఆవిడ పెట్టె మోసేది, నేను అల్లి చూపించేదాన్ని.

నా సంగతీ తేలాలి కదా. వదిన ఆసుపత్రి క్యాంటీన్ కంట్రాక్టరు నన్ను తన పేర మార్చుకోడానికి ఒప్పుకున్నాడు. ఇక వేలిముద్ర పడితే చాలు. ఆడవాళ్ళ కౌంటరు దగ్గర నల్ల అబాయాలో ఒక ఆఫీసరమ్మ నా వేళ్ళు మిషను మీద నొక్కింది. తుడిచి నొక్కింది, తడి చేసి నొక్కింది. ఎర్రలైటే. "మాఫీ బస్మా" అంది. ముద్ర లేదని. నా చెయ్యి తిప్పి చూసి, వదినతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. బయటికొచ్చాక వదిన అదంతా నాకు తెలుగులో చెప్పింది. గడువుకి ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది. అప్పటికీ పడకపోతే అక్కడ ఉండనిచ్చే కార్డు, కొత్త ఇఖామా లేదు, సరైన దారిన వెళ్ళడానికి ఎగ్జిటూ లేదు. అమ్మాయి రెండో ఏడు చదువుతోంది.

"ఇవాళ్టి నుంచి నువ్వు దారం ముట్టకూడదు. సబ్బునీళ్ళు ముట్టకూడదు. చర్మం మళ్ళీ పుట్టాలి" అంది వదిన, రోగికి చెప్పినట్టు. గిన్నెలు నర్సులు తోముకున్నారు, ఉల్లిపాయలు నర్సులు తరుక్కున్నారు. నేను స్టూలు మీద కూర్చుని, ఇంగువ వెయ్యండి, పోపు మాడుతోంది అని అరుస్తూ ఉండేదాన్ని. వాళ్ళలో చిన్నపిల్ల, తునివైపు అమ్మాయి, "వంటమనిషిని పెట్టుకున్నామా, అత్తగారిని తెచ్చుకున్నామా పిన్నీ?" అంది ఒకరోజు, చేతులకి మసి పూసుకుని. రోజుకి మూడుసార్లు వదిన నా వేళ్ళకి వాజెలైను రాసేది.

పదో రోజున తప్పు చేశాను. పాత మేడలో ఒక బంగ్లా అమ్మాయి దారం చిక్కుపడి కన్నీళ్ళు పెట్టుకుంటోంది. చిక్కు తీసిద్దామని అందుకున్నాను, అంతే నాకు తెలుసు. తలెత్తేసరికి చేతిలో పువ్వు పూర్తయి ఉంది, ఎనిమిది రేకులూ. ఎదురుగా వదిన. "ఏమే, నీ కూతురి చదువు కూడా అందులో పెట్టి అల్లేశావా?" అని నలుగురిలో చెయ్యి మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బకి నాకు నెప్పి పుట్టలేదు గానీ, వేసినావిడ పక్కకి తిరిగి ముక్కు తుడుచుకుంది. నీ కూతురు నాకు మేనకోడలే కదా అని ఆవిడ నోటితో అనలేదు.

మర్నాటి నుంచి నా పది వేళ్ళకీ కట్లు, ఆసుపత్రి గాజుగుడ్డతో. మళ్ళీ మేడకి వెళ్ళేసరికి రాయచోటి వాళ్ళలో ఒకామె గుండెలు బాదుకుంది.

"ఏందక్కా, చేతులు కాల్చుకుంటివా?"

"లేదమ్మా, దాచుకున్నాను."

"నగలు దాచుకుంటారు గానీ, యేళ్ళు దాచుకునేది యాడన్నా ఉందా!"

మరి చేతుల్లేకుండా లేసు నేర్పడం ఎలాగ? నాకు అక్షరాలు అంతంతమాత్రం, రాసివ్వలేను. చిన్నప్పుడు మా నాయనమ్మ చుట్టూ కూర్చుని అల్లుతుంటే ఆవిడ నోటితో చెప్పేది, అదే నేనూ మొదలెట్టాను. ఆరు చైన్లు వేసి గుండ్రం కలుపు, మూడు లేపి ఒకటి వదులు, రేకుకి రేకుకి సందు ఉంచు. వదిన మా చర్చి పాటల బృందంలో పెద్దగొంతు, ఆ మాటలకి అప్పటికప్పుడు రాగం కట్టింది. శ్రీలంక ఆమెకి తెలుగు రాదు, అయినా మూడు దగ్గర గొంతు లేస్తే దారం లేపేది, ఒకటి దగ్గర దిగితే వదిలేది. వారం తిరిగేసరికి మేడంతా సన్నగా అదే కూనిరాగం. రాయచోటి ఆమె నమాజు చేసుకుని వచ్చి, చాప మీద తన చోటు వేరెవరైనా తీసుకుంటే ఊరుకునేది కాదు. తమాషా ఏమిటంటే, నేను చేత్తో చూపించిన రోజుల కన్నా ఆ రోజుల్లోనే పువ్వులు బల్లపరుపుగా వచ్చాయి. వదినవి తప్ప.

ఇరవై ఎనిమిదో రోజున కట్లు విప్పుకుని కౌంటరు ముందు నుంచున్నాను. అదే ఆఫీసరమ్మ. కుడిచేతి వేళ్ళు పడ్డాయి. ఎడమ బొటనవేలు పడింది. చూపుడువేలు ఎర్రలైటు. మళ్ళీ ఎర్రలైటు. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఆఫీసరమ్మ తన బ్యాగు తీసి, తన చేతికి రాసుకునే క్రీము నా వేలికి రాసింది. తుడిచింది, నా వేలి మీద తన వేలుంచి నెమ్మదిగా నొక్కి, ఊపిరి బిగబట్టి ఉంచింది. నేనూ బిగబట్టాను. పచ్చలైటు. "ఖలాస్, మామా" అంది. అమ్మా, అయిపోయింది అని. టిష్యూ డబ్బా నా ముందుకి తోసింది, అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని. బయట ఎండలో వదిన నుంచుని ఉంది. నా చెయ్యి తీసుకుని వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది. డిశ్చార్జి" అంది.

మేడలో ఆడవాళ్ళు ఒకరొకరే వాళ్ళ దేశాలు వెళ్ళిపోయారు. నేను ఇంకా నాలుగేళ్ళున్నాను, అమ్మాయి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరేదాకా. తర్వాత పరాయి దేశపు వాళ్ళ మీద తలకింతని లెవీలు వచ్చి, కాపురాలతో ఉన్నవాళ్ళు ఇళ్ళకి పోయి, మా ఫ్లాట్ కూడా పలచబడింది. వదిన ఇప్పుడు ఇటలీలో ఒక వృద్ధుల ఇంట్లో పనిచేస్తోంది. దారపు ఉండలు అక్కడికీ మోసుకుపోయింది. "ఇక్కడి ముసలమ్మలకి లేసు వాళ్ళ పుట్టింటి విద్యటే, వాళ్ళే నాకు నేర్పుతున్నారు, నా పువ్వు చూసి చాటుగా నవ్వుకుంటున్నారు" అని ఫోన్లో చెప్పి తనూ నవ్వింది.

నేను పనిచేసిన ఏళ్ళు చాలా ఉన్నాయి, అవన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి ముద్దగా ఉంటాయి. చేతులు కట్టుకుని కూర్చున్న ఆ ఇరవై ఎనిమిది రోజులు మాత్రం ఏ రోజుకి ఆ రోజు ఇంకా విడివిడిగానే ఉన్నాయి.