ఒడ్డున ఉన్న బ్యాటరీ కూడా

ప్రియ సహోదరీ సహోదరులారా, నాగాయలంకలో చేపల వేట చేసుకునే కుటుంబంలో పుట్టి, మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన నన్ను ఈ ఉదయం మీ ఎదుట నిలువబెట్టిన ప్రభువుకు స్తోత్రములు.

మా చిన్నాన్న వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. తుఫాను వస్తున్నదని ఒడ్డున ఉన్న మాకందరికీ తెలుసు, నడిసముద్రంలో ఉన్న ఆయనకు చెప్పే దారి మాత్రం లేదు. అది మొదలు మా నాన్నగారి బోటు వెళ్ళిన ప్రతిసారీ అమ్మ కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే లేచిపోయేది. నేను బందరు కాలేజీలో పాఠం వింటున్నా కిటికీలోంచి నల్లమబ్బు కనబడితే పుస్తకం మూసేసేవాడిని. ఏళ్ళ తరబడి మా ఇల్లు ఆ భయానికి బందీగా ఉన్నది.

నేను బీకాం పూర్తిచేసిన ఏడాది, బోటువారి సంఘం వైర్‌లెస్ పెట్టించాలని నిర్ణయించింది. బోటుకొక సెట్టు, ఒడ్డున సంఘం ఆఫీసులో ఒక సెట్టు. ఇంగ్లీషులో ఉన్న అగ్రిమెంటు చదివి చెప్పమని సంఘం ప్రెసిడెంటు గారు, నాకు వరుసకు మావయ్య, నా చేతికిచ్చారు. సిస్టం ఎల్లవేళలా పనిచేసేలా కంపెనీ చూసుకుంటుందని అందులో ఉంది గాని, సిస్టం అంటే ఏమేమిటో ఎక్కడా లేదు.

అదే అడిగితే కంపెనీ మనిషి, “సిస్టం అంటే సిస్టమేనండీ, చదువుకున్నవారు, మీకు తెలియదా?” అన్నాడు.

“ఒరేయ్ బీకాం, శుభలేఖలో పెళ్ళంటే ఏంటో రాస్తామా? సంతకం పెట్టనియ్యరా, ఆకలేస్తోంది” అన్నారు మావయ్య. గదిలో అందరూ నవ్వారు. నేను తలవంచుకుని, రేపటివరకు ఆగమని మాత్రం బతిమాలాను.

ఆ సాయంత్రం మోకరించి, “ప్రభువా, ఇది నా చాదస్తమైతే నా నోరు మూయించు, నీ ఆలోచనైతే నాకు మాట దయచేయి” అని ప్రార్థించాను. అప్పుడు, సహోదరులారా, జలప్రళయానికి ముందు దేవుడు ఓడను గూర్చి ఇచ్చిన ఆజ్ఞ నా మనసులోకి వచ్చింది. ఓడ కట్టుమని చెప్పి ఆయన ఊరుకోలేదు. ఏ మ్రానుతో కట్టాలి, అరలెలా ఉండాలి, లోపలా బయటా ఏమి పూయాలి, తలుపు ఎక్కడ పెట్టాలి, అన్నీ విడివిడిగా చెప్పాడు. ప్రాణాలు కాపాడదలచినవాడు ఏ భాగాన్నీ మనుష్యుల ఊహకు వదలలేదు.

మరునాడు నేను రాసినది చదివి వినిపించాను: “సిస్టం అనగా బోట్లలోని సెట్లు, ఒడ్డున ఉన్న సెట్టు, దాని స్తంభము, తీగలు, కరెంటు లేనప్పుడు దానిని నడుపు బ్యాటరీ. పనిచేయుట అనగా ఒడ్డున పలికిన మాట బోటులోను, బోటులో పలికిన మాట ఒడ్డునను వినబడుట.”

“బ్యాటరీ మాకు సంబంధం లేదండీ” అన్నాడు కంపెనీ మనిషి.

“మావయ్యా, గాలివానొస్తే మన ఊళ్ళో ముందు పోయేదేంటి?” అని అడిగాను.

“కరెంటు” అన్నారాయన. అన్నాక ఆ నవ్వు ముఖం మారిపోయింది. చిన్నాన్న ఆయనకు ప్రాణస్నేహితుడు. పెన్నుకు మూత పెట్టేసి, “మావాడు రాసింది చేరిస్తేనే సంతకమండీ” అన్నారు. చేర్చారు.

మరుసటి కార్తీకంలో, నాన్నగారు వేటలో ఉండగా వాయుగుండం తుఫానుగా మారిందని, నేనూ అమ్మా కూర్చుని ఉన్న సంఘం ఆఫీసుకు ఫోను వచ్చింది. ఆ వెంటనే ఊరంతా కరెంటు పోయింది. నెత్తిమీద ఫ్యాను ఆగింది గాని, వైర్‌లెస్ మీది ఎర్రదీపం ఆరలేదు. అమ్మ నా పక్కన నిలబడి “యేసయ్యా, యేసయ్యా” అంటూనే ఉంది. నేను పిలిచాను.

“చెప్పరా” అన్నది నాన్న గొంతు.

“తుఫాను ఇటే వస్తోంది, వెనక్కి తిరుగు నాన్నా. పక్క బోట్లకి కూడా చెప్పు.”

చీకటి పడకముందే మా బోట్లన్నీ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి లోపలికి వచ్చేశాయి, ఒక్క మనిషి తక్కువ కాకుండా. దేవునికే మహిమ. చిన్నాన్నకు అందని కేక మా నాన్నకు అందునట్లు చేసినవాడు ఆయనే, నేను కలం పట్టినవాడను మాత్రమే. ఆ పూట అమ్మ కంచం ముందు కూర్చుని లేవలేదు. మారు అన్నం కూడా వడ్డించుకున్నది.

మీలో ఎవరైనా భయంతో ముద్ద మింగలేకున్నట్లయితే, “ప్రభువా, నా సంగతి నీకు తెలుసులే” అని ముగించకండి. ఆయనకు తెలుసు, అయినను మన నోట వినగోరుతున్నాడు. మీ భయాన్ని భాగం భాగంగా, ఏదీ విడువక ఆయన యెదుట పెట్టండి. మా ఇంటిని విడిపించినవాడు మీ కేక వినుటకు మేలుకొనియున్నాడు. ఆమేన్.