పదిహేడు నిండని ఏడాది

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాఫీ కలుపుకుంటూ ఉండగా మా పక్కింటి అమ్మాయి వాళ్ళ నాన్నతో కలిసి వచ్చింది. ఈ మధ్యే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల. ఆయన కూతుర్ని తీసుకొచ్చాడని అనాలి గానీ, ఆ పిల్ల ముందు, ఆయన వెనకా నడిచి వచ్చిన తీరు చూస్తే ఎవరు ఎవర్ని తీసుకొచ్చారో తెలిసిపోతూనే ఉంది. బాపట్లలో డాక్టరుగా స్థిరపడ్డాక ఆదివారాలు ఇలాంటి సలహాల కోసం వచ్చేవాళ్ళు నాకు అలవాటే. అయితే ఈ పిల్ల అడిగింది ఏ గ్రూపు తీసుకోవాలనో ఏ కాలేజీ మంచిదనో కాదు. తను బడిలో ఒక ఏడాది ముందే చేరింది కాబట్టి ఇంటర్ కాగానే పదహారేళ్ళకే మెడికల్ కాలేజీలో చేరిపోవచ్చా అని. "ఏడాది కలిసొస్తుంది కదా ఆంటీ!" అంది, కళ్ళు మెరుస్తూ. పరీక్ష పేరు మారింది గానీ నియమం పాతదేనమ్మా, చేరే ఏడాది డిసెంబరు ఆఖరుకి పదిహేడు ఉండాలి అన్నాను. వాళ్ళ నాన్న ఊరట పడ్డట్టు కుర్చీలో వెనక్కి వాలి, "ఉంటాయండి, అప్పటికి దీనికి పదిహేడు నడుస్తుంటాయి గదండీ" అన్నారు.

ఆ మాట వినగానే నాకు ఎంత నవ్వొచ్చిందంటే చేతిలో కాఫీ సాసరులోకి ఒలికింది. ఆయన పాపం బిత్తరపోయారు. ఇరవై ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే మాట మా నాన్న రేపల్లెలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, ఇంతే ధీమాగా, వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. ఆ ధీమా మా ఇంటిని ఏం చేసిందో నాకు తెలుసు.

మా అమ్మ రేపల్లె దగ్గర ఒక పల్లెలో బడిపంతులమ్మ. ఇంట్లో నన్ను చూసుకునే దిక్కు లేక రోజూ తనతో బడికి తీసుకుపోయేది. ఒకటో తరగతి పిల్లల మధ్య పలక ఇచ్చి కూర్చోబెడితే, నోరు మూసుకుని కూర్చుంటాననుకుంది గానీ నేను వాళ్ళందరికంటే ముందు అఆలు చెప్పేసి హెడ్మాస్టరు గారి దృష్టిలో పడ్డాను. ఎలాగూ కూర్చుంటోంది, పేరు రాసేద్దాం అన్నారాయన. అలా నాలుగేళ్ళు దాటీ దాటకముందే ఒకటో తరగతిలో చేరిపోయాను. ఆ రోజుల్లో మా వైపు చాలామంది పిల్లలకు పుట్టినతేదీ అంటూ ఉండేది కాదు. తల్లిదండ్రులు "ఏదో తుపాను ఏడండీ" అని చెబితే, బడికి సరిపోయేలా జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసి చేర్చుకునేవాళ్ళు, మా అమ్మ కూడా అలా ఎంతమందికి పుట్టినరోజులు పంచిపెట్టిందో. నాకు మాత్రం బాప్తిస్మం నాడు చర్చిలో రాయించిన తేదీ, జనవరి మొదటి వారంలోది, ఉన్నదున్నట్టు వేసింది.

పదో తరగతి అయ్యాక తెనాలిలో ఇంటర్. రేపల్లె నుంచి పొద్దున పాసింజరు ఎక్కితే ఆకుకూరల గంపల మధ్య నిలబడి వృక్షశాస్త్రం చదువుకుంటూ పోయేదాన్ని. రోజూ చూసే మొహాలే కాబట్టి పెట్టెలో అందరికీ నా చదువు మీద పెత్తనం ఉండేది. బట్టల వ్యాపారం చేసే ఒక పెద్దాయన భట్టిప్రోలు వచ్చేలోపు నన్ను ఏదో ఒక ప్రశ్న అడక్కుండా వదిలేవాడు కాదు, జవాబు తప్పో ఒప్పో ఆయనకూ తెలియదు, నేను తడుముకోకుండా చెబితే చాలు, తల ఊపి పెట్టె అంతటినీ గర్వంగా చూసేవాడు. అంతమంది అంతగా నమ్మాక నేను కూడా నన్ను నమ్మాను. నా వయసు వాళ్ళకంటే ఏడాది ముందున్నానన్న గీర నాకు నిలువెల్లా ఉండేది.

ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఆ వార్త వచ్చిన వారమే మా వాళ్ళు కృతజ్ఞత కూడిక పెట్టేశారు. మా చర్చివాళ్ళకి ఇల్లు కట్టినా, జబ్బు తగ్గినా, ఉద్యోగం వచ్చినా నలుగురినీ పిలిచి ప్రార్థన చేయించి భోజనం పెట్టడం ఆనవాయితీ. ఇంటిముందు షామియానా వేసి, కోడికూర, పెరుగు చట్నీ, బొంబాయి హల్వాతో పేటంతటికీ పెట్టారు. మన సంఘం నుంచి మొట్టమొదటి డాక్టరమ్మ అని పాస్టరు గారు మైకులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి ముసలమ్మలు మోకాళ్ళు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఇంకా చేరలేదండీ అని అమ్మ చెప్పినా వినకుండా, "పర్లేదులే, చూసి చెప్పమ్మా" అని నా ముందు కాళ్ళు చాపేవాళ్ళు. నేను కూడా మొహం గంభీరంగా పెట్టి చూసేదాన్ని, ఏం చూస్తున్నానో ఆ దేవుడికే తెలియాలి.

వయసు సంగతి ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. నియమం నాన్న చదివాడు. మా వైపు వయసు చెప్పేటప్పుడు నిండినవి ఎవరూ చెప్పరు, నడుస్తున్నవే చెబుతారు. పదహారు నిండిన మర్నాటి నుంచీ నాకు ఇంట్లో పదిహేడే. అందరం పదిహేడనుకుంటూ బతుకుతుంటే అది తక్కువని ఎవరికి తోస్తుంది? విజయవాడలో కౌన్సెలింగ్ నాడు బల్ల అవతల కూర్చున్నాయన కాగితాలు చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, చాలా మర్యాదగా, "అమ్మాయికి డిసెంబరుకి నిండవండీ, వచ్చే ఏడాది రండి" అన్నాడు. ర్యాంకు ఆ ఏటికే చెల్లుతుంది. వచ్చే ఏడాది రావడమంటే పరీక్ష మళ్ళీ రాయడమే, అప్పుడు సీటు వస్తుందన్న పూచీ ఎవరిది? వారం కూడా లేదు తేడా. ముగ్గురం తిరుగు బస్సెక్కాం. నాన్న దారిపొడుగునా వేళ్ళు మడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే నాన్న స్నేహితుడొకాయన వచ్చి, తనకు తెలిసినవాళ్ళున్నారని, తేదీ ఒక్క వారం ముందుకు జరిపిస్తే ఎవరికీ నష్టం లేదని చెప్పాడు. నాన్న అమ్మ వైపు చూశాడు. నేను కూడా చూశాను, ఒప్పుకోమ్మా అన్నట్టు. "ఊళ్ళో పిల్లలందరికీ మీరే గదండీ తేదీలు వేసింది, మీ పిల్లకి వెయ్యలేరా?" అన్నాడాయన. దానికి అమ్మ అంది: "వాళ్ళు ఎప్పుడు పుట్టారో ఎవరికీ తెలీదండి, అందుకని వేశాను. ఇది ఎప్పుడు పుట్టిందో నాకు తెలుసు. నేనక్కడే ఉన్నాను."

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకి మా అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆవేళ మాత్రం ఆవిణ్ణి నా శత్రువు అనుకున్నాను. అన్నం మానేశాను. గడప దాటితే చాలు, "ఏంటి డాక్టరమ్మా, కాలేజీ ఎప్పుడు తెరుస్తారు?" అని ప్రతి అరుగూ అడిగేది. ఆ ప్రశ్నలు పడలేక నన్ను పెనుమూడిలో తాతయ్య దగ్గరికి పంపేశారు.

తాతయ్య అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. కృష్ణ ఒడ్డున పొలం పనులు చేసి చేసి షుగరు వచ్చి, కాలి బొటనవేలి కింద పుండు పడి మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. రోజూ కడిగి కట్టు మార్చకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని రేపల్లె డాక్టరు గారు చెప్పారు. మామయ్యా అత్తయ్యా పొద్దున్నే పొలం పోతారు. కాబోయే డాక్టరు ఇంట్లో ఉండగా వేరేవాళ్ళెందుకని ఆ పని నాకు అప్పగించారు. మొదటి రోజు కట్టు విప్పి వాసన తగలగానే పెరట్లో బోరింగు దగ్గరికి పరిగెత్తి కడుపులో ఉన్నదంతా కక్కేశాను. అక్కడే కూర్చుని ఏడ్చాను కూడా. చప్పట్లు, హల్వా, మైకు అన్నీ గుర్తొచ్చాయి. లోపల్నించి తాతయ్య గొంతు వినిపించింది. "పర్లేదు లేమ్మా. నాక్కూడా కంపు కొడతానే ఉంది. నేనెక్కడికి పారిపోను చెప్పు?"

నేను ఏడుపులోనే నవ్వేశాను. మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాను. రెండో రోజూ పరిగెత్తాను, కానీ తొందరగా తిరిగొచ్చాను. తర్వాత తర్వాత పరిగెత్తడం మానేశాను గానీ, మొహం చిట్లించడం మాత్రం చాలాకాలం మానలేదు. తాతయ్య తన కాలు చూసుకునేవాడే కాదు, నా మొహమే చూసేవాడు. నా కనుబొమలు ముడిపడితే ఆ రోజంతా దిగులుగా ఉండేవాడు. ఎంత చూడలేనిది చూస్తున్నా మొహం తేటగా ఉంచుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఒకసారి పక్కింటివాళ్ళు ఇచ్చిన బెల్లం అరిసెలు దుప్పటి కింద దాచుకుని తింటుంటే పట్టుకుని, నా చదువంతా వాడి తెగ తిట్టాను. ఆ తర్వాత ఆయన తినడం మానలేదు, నాకు చెప్పడం మానేశాడు. తిడితే అబద్ధం చెబుతారన్న సంగతి తెలిశాక, ఎదురుగా కూర్చుని, సగం నాకిచ్చి సగం నువ్వు తిను తాతయ్యా అనడం మొదలుపెట్టాను. ఈ రోజుకీ నా దగ్గరికి వచ్చే షుగరు రోగులు ఏం తిన్నారో నాతో నిజమే చెబుతారు.

అప్పుడే ఊరి దగ్గర నది మీద వంతెన కడుతున్నారు. అంతకు ముందు అవతలి ఒడ్డుకి పడవే గతి. తాతయ్య మంచం వాకిట్లోకి లాగించుకుని లేస్తున్న స్తంభాల్ని చూస్తూ, అది పూర్తయ్యేలోపు కాలు నయం చెయ్యి, నా కాళ్ళతో నేను దాటాలి అనేవాడు. సిమెంటు పోసిన ఆ స్తంభాలకి తడి గోనెపట్టాలు చుట్టి రోజుల తరబడి అలా వదిలేసేవాళ్ళు. వీళ్ళెందుకు పని ఆపి కూర్చున్నారని ఒకసారి విసుక్కుంటే, "నీలాగే దానికీ తొందరగానే ఉంటది, గట్టిపడొద్దా మరి!" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పూట కట్టు కొంచెం బిగించి కట్టాను.

సంక్రాంతి దాటాక పుండు మానింది, వేలు దక్కింది. నేను రేపల్లె తిరిగొచ్చి మళ్ళీ పాసింజరెక్కి తెనాలి కోచింగుకి వెళ్ళాను. ఈసారి ర్యాంకు కిందటిసారికంటే తగ్గింది. సీటు వస్తుందో రాదో అన్న అంచు మీద వేలాడుతున్న ర్యాంకు. పాస్టరు గారు చర్చిలో చెబుతానంటే అమ్మ చేతులు జోడించి, "ప్రార్థన చెయ్యండయ్యా, ప్రకటన మాత్రం చెయ్యొద్దు" అంది. మళ్ళీ అదే విజయవాడ, అలాంటిదే బల్ల. నా పుట్టినతేదీ మీద ఆ ఉద్యోగి వేలు ఆగినప్పుడు నాన్న మళ్ళీ వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. వేలు కిందికి జరిగింది. మధ్యాహ్నానికి సీటు వచ్చింది. బయటికి వచ్చి అమ్మ మెట్ల మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. ఏడాదిపాటు మా ఇంటి గుండెల మీద కూర్చున్న బరువు ఆ మెట్ల మీద దిగిపోయింది. అంత హాయి నేను మళ్ళీ ఎరగను.

కాలేజీలో మొదటిసారి వార్డుకి వెళ్ళిన రోజు నా పక్కనున్న అమ్మాయి కట్టు విప్పగానే తూలి పడబోయింది, వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆమెను పట్టుకున్నాను. నాకు అది గొప్పతనమనిపించలేదు, అమ్మయ్య అనిపించింది. భయపడ్డా, కక్కుకున్నా, ఏడ్చినా ఎవరూ నవ్వని చోట నా భయమంతా అప్పటికే ఖర్చుపెట్టేసి వచ్చాను కదా.

వంతెన తెరిచాక సెలవుల్లో వచ్చి తాతయ్యను నడిపించాను. నా భుజం పట్టుకుని, ఆగి ఆగి, సగం దాకా వచ్చి, వంతెన పిట్టగోడ పక్కన కూర్చుని, నీళ్ళ వైపు చూస్తూ సాయంత్రమంతా అక్కడే ఉండిపోయాడు. అవతలి ఒడ్డు రేపు చూద్దాంలే అన్నాడు. ఆ రేపు రాలేదు. మరుసటి ఏడు, నేను పరీక్షల్లో ఉండగా, నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఇదంతా పక్కింటి పిల్లకి చెప్పాను. శ్రద్ధగానే వింది. విని, "అంటే ఆ సంవత్సరం ఖాళీగా ఉండాలా ఆంటీ?" అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఇప్పుడు చిన్న తరగతుల నుంచే డాక్టరు చదువుకి శిక్షణ, హాస్టలు, ఆదివారం కూడా పరీక్ష. పుండుతో మంచాన ఉన్న వాళ్ళ తాతగారికి కట్టు కట్టడానికి ఇంటికి నర్సు వస్తుందట. పిల్లలు చూస్తే భయపడతారని ఆ గది తలుపు మూసి ఉంచుతారట. వెళ్ళి ఆ తలుపు తియ్యమ్మా, ముందు అదే నీ మెడికల్ కాలేజీ అని మాత్రం చెప్పాను. తీసిందో లేదో తెలియదు.

కిందటి నెల మా అమ్మాయిని తీసుకుని ఆ దారిన కారులో వెళ్ళాం. వంతెన ఎక్కగానే, మా తాతయ్య కూర్చున్న చోటు చూపిస్తాను ఉండు అన్నాను. ఆపుదామంటే వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. ఇదిగో ఇక్కడే అనబోయి, ఇది కాదేమో, ఇంకొంచెం ముందేమో అని నేను వెతుక్కుంటూ ఉండగానే అవతలి ఒడ్డు వచ్చేసింది.