చిన్నమామ చీనీతోట

ప్రొద్దుటూరు మార్కెట్లో చీనీకాయల, అదే బత్తాయిల, వాసన తగిలితే మా చిన్నమామ గుర్తొస్తాడు. ఇరవై ఏళ్లకే పులివెందుల దగ్గర సొంతంగా చీనీతోట పెట్టాడు. "నేను సచ్చినా ఈ తోట నా పేరు చెప్తాది పాపా," అనేవాడు.

తొలి కాపు కోతకు రాకముందే ఎన్నికలొచ్చాయి. మామ ప్రచారానికి తిరిగిన పార్టీ ఓడింది. గెలిచినోళ్లు తోటంతా నరికేశారు. నేను సంబరంగా పచ్చికాయలు ఒళ్లో నింపుకున్నాను.

"మళ్లీ నాటుదాం మామా."

"ఇంగ నాటేది లేదు."

మరుసటి వారం మామ పార్టీ నాయకుడి జీపు వచ్చింది. అమ్మమ్మ ఏడుస్తూ చెయ్యి పట్టుకున్నా మామ ఎక్కేశాడు. జీపెక్కడం గొప్పనుకుని, నేను చెయ్యూపుతూ వెనక పరిగెత్తాను. మామ నవ్వాడు.

ఆ సాయంత్రమే జమ్మలమడుగు రోడ్డులో గెలిచినోళ్లు మామను బాంబులేసి చంపేశారు. ముఖం కూడా నన్ను చూడనివ్వలేదు.

మామ వెళ్తుంటే పెద్దవాళ్లంతా అరుగుల మీద నిలబడి చూశారు. తోట నరికినోళ్ల మీద పగ తీర్చుకోడానికే ఆ జీపు వచ్చిందని వాళ్లకు తెలుసు.