మూడు చక్రాలు, మూడు నిమ్మకాయలు

లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ గోడ వెనక గల్లీలోకి మేం ఇల్లు మారిన వారానికే ఆ ఆటో నా కంట్లో పడింది. కంట్లో పడ్డది నలుసైనా ఆటో అయినా నేను ఊరుకోలేను. మా గేటుకు నాలుగిళ్ల అవతల, వేపచెట్టు కింద, నీలం పట్టా కప్పుకొని ఉండేది. ముందు టైరులో గాలి లేదు. పట్టా మీద రాలిన ఆకు తడిసి, ఎండి, ఇంకో పట్టా అయింది. ఎవరిదని అడిగితే ఎవరూ చెప్పలేదు. అందరూ అక్కడికి రాగానే గల్లీకి అటు పక్కగా జరిగి నడిచేవారు.

ఎందుకు జరుగుతున్నారో ఓ పొద్దున వంగి చూస్తే తెలిసింది. మూడు చక్రాల ముందు మూడు నిమ్మకాయలు, కుంకుమ అద్దినవి. కొత్త బండితో నిమ్మకాయ తొక్కించడం అందరూ చేసేదే. తొక్కించి వెళ్లిపోతారు. ఇక్కడ బండి వెళ్లదు, కాయలు నలగవు. అమావాస్య దాటేసరికి ఎండినవి పోయి తాజావి ఉండేవి. పెట్టే మనిషిని చూసినవాళ్లు లేరు. పై వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ గొంతు తగ్గించి, బాణామతి కావచ్చు, అటు దిక్కు పోకండి అని చెప్పింది. నిమ్మకాయలు చూసిన రోజు నుంచీ నాకు నిమ్మళం పోయింది.

ముప్పయ్యేళ్లు ఒక ఆఫీసులో ఉత్తరాలు డ్రాఫ్టు చేసి రిటైరయ్యాను. నా రాత బాగుంటుందని నాకో నమ్మకం. దాన్ని నాతో పంచుకున్నవాళ్లు తక్కువ. రోడ్డు మీద వదిలేసిన బండ్ల గురించి చెప్పడానికి మున్సిపాలిటీ యాప్ ఉందని తెలిసి ఫోన్ తీశాను. ఫొటో పెట్టి రెండు మాటలు రాస్తే చాలు.

"మనకెందుకండీ? వాళ్లెవరో వదిలేశారు, మీరూ వదిలేయండి" అంది మా ఆవిడ.

వదిలేయడమే చేతనైతే నేనెప్పుడో బాగుపడేవాణ్ణి. రెండు మాటలు చాలన్నచోట పేజీన్నర రాశాను. "అమావాస్య అమావాస్యకు అజ్ఞాత హస్తమొకటి నిమ్మఫలములను మార్చుచుండుట వలన వీధివాసులు భయకంపితులగుచున్నారు" అన్నది అందులో నాకు బాగా నచ్చిన వాక్యం. నెలనెలా ఎవరో చూసుకుంటున్న బండి, వదిలేసిన బండి ఎలా అవుతుందన్న ఆలోచనే రాలేదు. వాక్యం అంత బాగా కుదిరింది మరి.

నాలుగో రోజున ఎవరో వచ్చి పట్టా మీద నోటీసు అంటించి వెళ్లారు. వారంలో తీయకపోతే మేమే తీసుకుపోతాం అని. ఆ వారం గల్లీలో రెండు మూడుసార్లు అటూ ఇటూ నడిచాను, నా రచన అచ్చయినట్టు.

ఆ గడువులో ఆఖరి రోజు అమావాస్య. పొద్దున్నే పాలకు బయల్దేరితే ఆటో పక్కన ఒకామె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతిలో నిమ్మకాయ. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నలభై ఏళ్లుంటాయేమో. నిద్ర లేని మొహం. మణికట్టుకు ఆస్పత్రి పాసు దారంతో కట్టి ఉంది.

"సార్, జెర గీ కాయితం సదివి చెప్పుండ్రి" అంది.

నేను చదివాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఎవరో ఫిర్యాదు చేసినట్టుంది అని కూడా అన్నాను. ఎవరో!

ఆమె చెప్పింది. వెనక గల్లీలో ఒక గది వాళ్లది. ఆటో దూరనంత ఇరుకు కాబట్టి బండి ఇక్కడ పెట్టేవారు. భర్తకు పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడి కాలు, కుడి చెయ్యి లేవడం లేదు. ఆమె రాత్రీ పగలూ దవాఖానలోనే ఉంటోంది, అమావాస్యకు మాత్రం తెల్లవారకముందే వచ్చి నిమ్మకాయలు పెట్టి పోతుంది. ఈసారి బస్సు దొరక్క ఆలస్యమైంది.

"మొక్కిన సార్. ఆయినె లేసి ఆయిన చేత్తోనే బండి షురూ చెయ్యాలె. గప్పటిదాంక వేరేటోళ్ల చెయ్యి పడొద్దు. పడితే ఆయినె లెవ్వడు."

ఇంటికొచ్చి యాప్ తెరిచాను. ఫిర్యాదు చేయడానికి దారి ఉంది కానీ వెనక్కి తీసుకోవడానికి లేదు. వార్డు ఆఫీసుకు పరుగెత్తాను. కుర్చీలో ఉన్నాయన నా గోడంతా ఓపిగ్గా విని, బండి లిస్టులో ఎక్కింది, ఇక ఓనరు సొంతంగా వచ్చి సంతకం పెట్టాలి అన్నాడు. ఓనరు లేవలేడన్నాను. లేచాకే రమ్మను అన్నాడు.

మర్నాటి మధ్యాహ్నం క్రేన్ వచ్చింది. ఆమె దవాఖానలో ఉంది. నేను చెట్టు కింద నిలబడి నాకు తెలిసిన మర్యాద మాటలన్నీ వాడాను. వాళ్లు అంతకంటే మర్యాదగా నన్ను పక్కకు జరిపారు. ఆటో ముందు చక్రం గాల్లోకి లేచింది. ఒక నిమ్మకాయ క్రేన్ టైరు కింద నలిగింది. రెండు మిగిలాయి. జేబులో ఫోన్ మోగింది. మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని.

ఆ తర్వాత నెలన్నరకు ఆమె భర్త ఇంటికొచ్చాడు. లేచాడు, కానీ పూర్తిగా కాదు. కర్ర పట్టుకుని కాలు ఈడుస్తూ వేపచెట్టు దాకా వచ్చి, ఖాళీ జాగాలో ఉన్న నూనె మరక వంక చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు నన్ను ఆపాడు.

"సార్, మీరు పెద్దోళ్లు, సదువుకున్నోళ్లు. నా బండి మీద కంప్లైంట్ ఎవడిచ్చిండో ఫోన్ల కనిపెట్టుండ్రి. మంచిగైనంక వాడింటికి నడిచి పోవాలె నేను. ఒక్కటే మాట అడుగుత వాణ్ణి."

చూస్తానన్నాను. అతను వెనుదిరిగాక, అతని వెంట వచ్చిన భార్య నా దగ్గరికి వచ్చింది.

"బండి జమ చేసిన కాడికి పోయి కాయితం సదివిపించుకున్న సార్. నిమ్మకాయల సంగతి రాసుంది అండ్ల. గంత మంచిగ రాసెటోళ్లు గీ గల్లీల ఇంకెవరున్నరు?"

నా రాతను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె.

"ఆయినెకు ఇప్పుడు చెప్పను. డాక్టరు గుస్స రానీయొద్దన్నడు. లేసి మంచిగ నడవనీ, గప్పుడు నేనే చెప్త" అంది. కోపంగా కూడా అనలేదు.

రోజూ పొద్దున వర్క్‌షాప్ సైరన్ మోగాక అతను బయల్దేరతాడు. ముందు వేపచెట్టు వరకే వచ్చేవాడు. పోయిన నెల మా గేటుకు రెండిళ్ల అవతలి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చాడు. అతను బాగుపడాలని నేను మనసారా కోరుకుంటున్నాను. అతను లేవాలి, వెళ్లి సంతకం పెట్టాలి, బండి తెచ్చుకోవాలి. కిటికీ దగ్గర కూర్చుని కర్ర చప్పుడు వింటూ ఉంటాను. ఇవాళ ఆ చప్పుడు వినపడలేదు. పరదా తొలగించి చూశాను. అతను కర్ర లేకుండా మా గేటుకు ఒక ఇల్లు అవతల నిలబడి, ఆయాసం తీర్చుకుంటున్నాడు.